రెండువందల పద్నాలుగో పేజీ

మల్లికార్జునయ్య నోట్లోంచి పేజీ నంబరు లేని మాట బయటికి రాదు. కుందుర్పి దగ్గరి రాళ్ళకుంటపల్లె శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళుగా ఆయనే లైబ్రేరియన్. ఊరివాళ్ళు ఆయన పేరు ఎప్పుడో మరిచిపోయారు. పేజీ సారు అంటారు. "అన్నం తిన్నారా సార్?" అని ఎవరైనా మర్యాదకు అడిగితే, "తిన్నాలేప్పా, రాగి సంగటి. దాంట్లో ఏమేముండాయో ఆహార విలువల పుస్తకంలో ఉండాది, పేజీ పద్దెనిమిది. రా, చూద్దువు" అని లేచి బీరువా దగ్గరికి పోతాడు. అడిగినవాడు ఆకలితో ఉన్నా సరే, చూసి పోవలసిందే.

ఆ పేజీలన్నీ సర్కారు పుస్తకాలవే. జనాభా లెక్కలు, జిల్లా గణాంకాలు, గెజిట్లు, వ్యవసాయ శాఖ కరపత్రాలు, గొర్రెల టీకాల చిన్న పుస్తకాలు. మిగతా ఊళ్ళలో ఇవి కట్ట కూడా విప్పకుండా అటకెక్కుతాయి. రాళ్ళకుంటపల్లెలో మాత్రం గుమ్మంలోనే రెండు బీరువాల నిండా కొలువుంటాయి. నవలలు వెనక కిటికీ పక్కన ఉంటాయి. డిటెక్టివ్ నవల కోసం వచ్చినవాడు ముందు వేరుశనగ తిక్క తెగులును దాటాలి.

అరుణజ్యోతి ఆయన దగ్గర చార్జి తీసుకోవడానికి జూన్ మొదట్లో వచ్చింది. ప్రయాణం బాగా జరిగిందా అని కూడా ఆయన అడగలేదు.

"ధర్మవరం నుంచి ఈడికి ఎంత దూరమో రోడ్ల పుస్తకంలో ఉండాదమ్మా, పేజీ నలభై. కూర్చో, చూపిస్తా."

మంచినీళ్ళు ఆ తర్వాత వచ్చాయి.

అరుణజ్యోతి నలభై ఏళ్ళ మనిషి. పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టింది. చీరలో ఒక పోగు తప్పితే వాకిట్లో నిలబడే కనిపెట్టే రకం. నెలాఖరుకు మల్లికార్జునయ్య రిటైరవుతాడు. ఆలోపు ఆమె పుస్తకాలన్నీ ఒక్కొక్కటే చేతికి తీసుకుని, దేంట్లో ఎన్ని పేజీలున్నాయి, ఎన్ని చిరిగాయి అని రాసుకుని రిజిస్టరులో సంతకం పెట్టాలి.

మామూలు మనిషికి ఇన్ని పేజీలు గుర్తుండవని, సగమన్నా కల్పనే అయ్యుంటుందని ఆమెకు అనుమానం వచ్చింది. చిన్న నోటుబుక్కు పెట్టింది. ఆయన చెప్పిన పేజీ రాసుకునేది. ఆయన భోజనానికి పోగానే తీసి చూసేది. రెండు వారాల్లో ముప్పై ఏడు చూసింది. ముప్పై ఏడూ సరిగ్గా ఉన్నాయి. ఆమెకు ఒళ్ళు మండింది.

"మీకు ఎలుగ్గొడ్డు కత తెల్దా మేడం?" అన్నాడు ఓబిలేష్. లైబ్రరీ ఎదురుగా అతనికి టీ అంగడి ఉంది.

"తెలీదు. చెప్పు."

"పొద్దున పాలకు పోతాండా. వంక కాడ ఎలుగ్గొడ్డు నిలబడుకోని ఉండాది. క్యాను ఆడనే పారేసి ఉరికినా. తెరిచి ఉండేది ఈ లైబ్రరీ ఒగటే. 'సార్, ఎలుగ్గొడ్డు' అన్నా. సారు ఏమన్నాడనుకున్నారు?"

"ఏమన్నారు?"

"'కూర్చో. అడవి శాఖ పుస్తకం, పేజీ ముప్పై ఒకటి. ఎలుగ్గొడ్డు ఎదురైతే పరుగెత్తకూడదు' అన్నాడు. 'నేను పరుగెత్తి వచ్చేసినా కదా సార్' అన్నా. 'తప్పు చేసినావు. ఇప్పుడన్నా తెలుసుకో' అని వేలు పెట్టించి పేజీ అంతా చదివించినాడు. ఎలుగ్గొడ్డు వాకిట్లోకి వచ్చి, నేను చదువుకుంటాండానని చూసి తిరుక్కోని పోయింది మేడం."

"వాకిట్లోకి వచ్చిందా?"

"రాలేదనుకోండి. వచ్చినా సారు నన్ను లేయనిచ్చేవాడు కాదు."

ఈ వేలు పెట్టించడం మల్లికార్జునయ్య పద్ధతి. పేజీ చెప్పి ఊరుకోడు. పుస్తకం అడిగినవాడివైపు తిప్పుతాడు. చదువు వచ్చినా రాకపోయినా ఆ వరుస మీద చూపుడువేలు పెట్టాల్సిందే. అచ్చు మీద వేలు పెడితే ఆ మాట మనదైపోతుందని ఆయన లెక్క. ఒకసారి ఓబిలేష్ ఫోను తీసి, ఇవన్నీ దీంట్లోనే దొరుకుతాయి సార్ అన్నాడట.

"దాంట్లో పేజీ నంబరు ఉండాదా?"

"లేదు సార్. ఊరికే పైకి జరుపుకుంటా పోయేదే."

"మరి యాడ పెడతావ్ వేలు?"

ఓబిలేష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఒకనాడు అరుణజ్యోతి కళ్ళముందే వీరప్ప, అతని భార్య మహేశ్వరి లైబ్రరీ మెట్ల మీద తగువు పడ్డారు. వీరప్ప ఊరి పెద్ద. నలుగురిలో మాట పడితే ఊరుకోడు. "పో, మీ పుట్టింటికి పో. నువ్వు లేకుంటే నాకు జరగదనుకున్యావా" అన్నాడు. మల్లికార్జునయ్య జనాభా లెక్కల పుస్తకం తెరిచి పట్టుకుని బయటికి వచ్చాడు.

"వీరప్పా, పేజీ అరవై రెండు. మన మండలంలో వెయ్యిమంది మొగోళ్ళకు వెయ్యిమంది ఆడోళ్ళు లేరు. ముప్పైమంది తక్కువ. అంటే ముప్పైమంది మొగోళ్ళు ఒంటిగా సంగటి గెలుక్కుంటాండారు. నువ్వు గూడా వాళ్ళల్లో చేరతావా?"

"నేనెందుకు చేరతా సార్?"

"అయితే వేలు పెట్టు."

వీరప్ప వేలు పెట్టాడు. మహేశ్వరి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఇంటికి నడిచింది. వెనకాలే వీరప్ప కూడా నడిచాడు.

నవ్వుకోవడానికే కాదు, ఈ పేజీలతో పనులు కూడా జరుగుతాయి. ఓబమ్మకు ఒక్క అక్షరం రాదు. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే ఆఫీసుకు పోయి కిటికీ ముందర నిలబడి, "పేజీ తొమ్మిది, పేరా నాలుగు, రెండో వాక్యం" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. గుమాస్తా తల ఎత్తి, ఏ ఊరని అడిగాడు. రాళ్ళకుంటపల్లె అంది. అతను లేచి కుర్చీ వేశాడు.

ఇంత జరిగినా మల్లికార్జునయ్య తన సొంత మాట ఒకటి కూడా చెప్పడు. "నాకు అభిప్రాయం లేదప్పా. అచ్చులో ఉండేది చెప్తా" అంటాడు. అందుకే ఊరు ఆయన మాట వింటుంది. అభిప్రాయాలున్న మనుషులు ఊరి నిండా ఉన్నారు.

జూన్ ఇరవయ్యో తేదీ దాటాక పడమట మబ్బు కట్టింది. ఆ మధ్యాహ్నం రామాంజినమ్మ చంకలో ఆరు పాత క్యాలెండర్లు పెట్టుకుని లైబ్రరీకి వచ్చింది.

"సార్, మా ఆయన మళ్ళా సంచి సర్దుతాండాడు."

అరుణజ్యోతికి అర్థం కాలేదు. టీ గ్లాసులు తెచ్చిన ఓబిలేష్ విడమరిచి చెప్పాడు. రామాంజినమ్మ మొగుడు నరసింహులు ఆరేళ్ళ కిందట బెంగళూరు నుంచి ఒక నల్లగొడుగు కొనుక్కొచ్చాడు. దాన్ని తెరిచిన పూట కమ్ముకున్న మబ్బు కాస్తా చెదిరిపోయింది. పది రోజులకు మళ్ళీ తెరిచాడు. మళ్ళీ చెదిరింది. మూడోసారి తెరవక ముందే ఊరు తీర్మానం చేసేసింది. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, నరసింహులు చిలమత్తూరులో చెల్లెలింటికి పోతాడు. ఊరంతా బస్సు దాకా వచ్చి సాగనంపుతుంది. వాన వెలిసినాక వస్తాడు.

"గొడుగు పారేయొచ్చు కదా?" అంది అరుణజ్యోతి.

"పారేసి చూసినాడు మేడం. అయినా వాన పడలా. దోషం గొడుగుది కాదు, మనిషిదే అని తేలిపోయింది."

రామాంజినమ్మ క్యాలెండర్లు బల్ల మీద పెట్టింది. "ఆరేండ్లుగా నేనొకదాన్నే ఇత్తనం వేస్తాండా సార్. ఎద్దులకు ఒకర్ని బతిమాలల్ల, గొర్రు పట్టేదానికి ఇంకొకర్ని బతిమాలల్ల. సొంత చేన్లో వాన పడేది ఆ మనిషి చూసి ఆరేండ్లాయ. ఫోన్లో నేను రేకుల కింద నిలబడుకోని వాన సప్పుడు వినిపిస్తా. నేను తిట్టినా, ఏడ్చినా, ఊరు పచ్చగుంటే చాల్లే అంటాడు. మీ పుస్తకంలో ఏముంటే అదే చేస్తానన్యాడు. వీరప్పన్న గూడా సరే అన్యాడు. ఆయన ఊర్లో లేని దినాలన్నీ నేను దీంట్లో సున్నా చుట్టిపెట్టినా. వాన దినాలు మీ కాడుండాయి. సరిచూడండి సార్."

అదీ న్యాయమే. మండలంలో ఏ రోజు ఎంత వాన పడిందో అచ్చు వేసిన పుస్తకాలు బీరువాలో ఏళ్ళవారీగా ఉన్నాయి. రేపు పది గంటలకు రమ్మని మల్లికార్జునయ్య చెప్పి పంపాడు.

సాయంత్రం దాకా ఇద్దరూ కూర్చున్నారు. ఆయన వాన తేదీ చదవడం, ఆమె క్యాలెండర్లో సున్నా ఉందో లేదో చూడడం. అయిపోయేసరికి అరుణజ్యోతి పెన్ను కింద పెట్టింది.

"సార్, విత్తే నెలల్లో వాన పడింది నలభై ఒక్క రోజులు. దాంట్లో ముప్పై ఎనిమిది రోజులు ఆయన ఊర్లో లేడు."

మల్లికార్జునయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అది అంతే కదా సార్," అంది ఆమె. "మబ్బు పడితేనే ఆయన పోయేది. మబ్బు పడితేనే వాన వచ్చేది. ఆయన పోయినందుకు వాన రాలేదు. వాన వచ్చేటట్టుందనే ఆయన పోయినాడు."

"నీకు తెలుసు, నాకు తెలుసు. అచ్చులో ఉండేది ముప్పై ఎనిమిదే కదమ్మా. అది చదివితే ఆ మనిషి ఇంక ఈ జన్మలో ఊర్లో వాన చూడడు."

"మీరే ఈ మాట విడమర్చి చెప్పండి."

"నాకు అభిప్రాయం లేదని ముప్పై ఏండ్లుగా చెప్పుకుంటా వచ్చినా. ఇప్పుడు చెప్తే, ఎవరైనా వింటారా?"

మరునాడు పది గంటలకు లైబ్రరీ నిండిపోయింది. కొండల మీద మబ్బు నల్లగా దిగి ఉంది. చిలమత్తూరు వైపు పోయే బస్సు పదకొండుకు. నరసింహులు సంచి, గొడుగు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, ఎవరి దారికీ అడ్డం రాకూడదన్నట్టు గోడకు అంటుకుని ఉన్నాడు. అందరికన్నా ముందు వీరప్ప కూర్చున్నాడు.

"చెప్పండి సార్. పుస్తకంలో పొమ్మంటే పోతాడు, ఉండమంటే ఉంటాడు. బస్సు టైమైతాంది."

మల్లికార్జునయ్య లేచాడు. వాన పుస్తకాలు బల్ల మీదే ఉన్నాయి. వాటిని ఆయన ముట్టుకోలేదు. బీరువా తెరిచి జిల్లా గణాంకాల పుస్తకం తీశాడు. చివరికి తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"పేజీ రెండువందల పద్నాలుగు. 'ఏ గ్రామమునందైనను వర్షము కురియుట, కురియకపోవుట ఆ గ్రామ నివాసుల ఉనికిపై ఆధారపడి యుండదు. గొడుగు తెరచుటవలన మేఘములకు ఎట్టి ఇబ్బందియు కలుగదు. విత్తు సమయమున రైతు తన పొలమునందే ఉండుట వాంఛనీయము.'"



"ఇంకోసారి చదువు సార్," అన్నాడు వీరప్ప.

ఆయన ఇంకోసారి చదివాడు. ఈసారి మేఘములకు ఎట్టి అసౌకర్యమూ కలగలేదు. రైతు పొలమునందు ఉండుట శ్రేయస్కరమైంది.

అరుణజ్యోతి చెవులు నిక్కపొడుచుకున్నాయి. అచ్చులో ఉన్న మాట అర నిమిషంలో మారదు. పైగా ఆ పుస్తకాన్ని మొన్ననే ఆమె చేత్తో లెక్కపెట్టి రాసింది. దాంట్లో ఉన్నవి నూటతొంభై ఆరు పేజీలు.

వీరప్ప తృప్తిగా తల ఊపి లేచాడు. పద్ధతి ప్రకారం చూపుడువేలు ముందుకు చాచాడు.

"ఏదీ, ఇట్ల తిప్పు సార్. వేలు పెడతా."

పుస్తకం తిరగలేదు. మల్లికార్జునయ్య దాన్ని రెండు చేతులా గుండెకు ఆనించి పట్టుకున్నాడు. ఆ ముఖంలో ఏమీ మారలేదు గానీ చెవుల వెనకనుంచి చెమట కారడం అరుణజ్యోతికి కనిపించింది. వారం రోజుల్లో రిటైరయ్యే మనిషి. ముప్పై ఏళ్ళ పేజీలన్నీ ఆ ఒక్క వేలి కింద ఉన్నాయి. గుమ్మం దగ్గర నరసింహులు సంచి ఇంకా కింద పెట్టలేదు.

"వేలు పెట్టకూడదు," అంది అరుణజ్యోతి.

అందరూ ఆమెవైపు తిరిగారు.

"ఎందుకు మేడం?"

"చార్జి జరుగుతాంది. ఇది అయిపోయేదాకా పుస్తకాలు బయటివాళ్ళు తాకకూడదు."

"ఎవరు చెప్పినారు?"

ఆమె ఇంతమంది ముందర ఒక్క అబద్ధం ఆడి ఎరగని మనిషి. పైగా పోగు తప్పితే ఊరుకోని ఇంటి పిల్ల.

"గ్రంథాలయ నియమావళి," అంది. "పేజీ పన్నెండు."

వీరప్ప వేలు ఇంకా గాల్లోనే ఉంది.

"రెండో పేరా," అంది ఆమె.

వేలు వెనక్కి పోయింది. "పేరా గూడా చెప్పినాక ఇంగేముండాది," అన్నాడు వీరప్ప.

"అయితే బస్సు పోనీమంటారా సార్?" నరసింహులు గొంతు ఎవరికీ సరిగ్గా వినపడలేదు. అతను ఇంకేమైనా అనేలోపు రామాంజినమ్మ సంచి లాక్కుని ఇంటిదారి పట్టింది. మొగుడు మనసు మార్చుకుంటాడేమోనని వెనక్కి కూడా చూడలేదు.

ఆ రోజు వాన పడలేదు. మరునాడూ పడలేదు. మూడో రోజు ఎండ కాసింది. వీరప్ప పొద్దున్నే ఆకాశంవైపు ఒకసారి, నరసింహులు వైపు ఒకసారి చూసి, పుస్తకం గుర్తు తెచ్చుకుని ఊరుకున్నాడు. ఓబిలేష్ మాత్రం ఉండబట్టలేక, "నీ వల్లని కాదన్నా, పేజీ సారు చదివినాడు కదా. అయినా ఊరికే కుందుర్పి దాకా పోయి టీ తాగి రారాదా" అన్నాడు.

"నీ అంగట్లో తాగితే కాదా?"

"నాది బాగుండదులే అన్నా."

నరసింహులు వెళ్ళలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి పడమట మళ్ళీ నల్లబడింది. వాన దబదబా గంటన్నర కొట్టింది. నరసింహులు వాకిట్లో నిలబడి తలెత్తి నోరు తెరుచుకుని తడిశాడు. రామాంజినమ్మ లోపలికి రమ్మని నాలుగుసార్లు పిలిచి, ఐదోసారి తనే బయటికి వచ్చి నిలబడింది.

పదును చూసుకుని మరునాడు వేరుశనగ విత్తడానికి చేన్లో గొర్రు కట్టారు. ఆరేళ్ళుగా చెయ్యి తప్పిన మనిషి కావడంతో సాళ్ళు ఒకటి కొండవైపు, ఒకటి వంకవైపు పోయాయి. "కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావ్" అని రామాంజినమ్మ తిట్లు పక్క చేలకు వినపడ్డాయి. ఆ తిట్లలో ఉన్నంత సంతోషం పెళ్ళిళ్ళ మేళాల్లో కూడా ఉండదు. వీరప్ప గట్టు మీద నిలబడి చూసి, "ఈ మనిషి వల్ల వానకేమీ నష్టం లేదు గానీ చెనిక్కాయకే ఉండాది" అని తీర్పు చెప్పి పోయాడు.

సారు వెళ్ళిపోతున్నాడని తెలిసి ఆ చివరి రోజుల్లో లైబ్రరీకి జనం తాకిడి ఎక్కువైంది. ముందు ఓబమ్మ వచ్చింది.

"సారు పోయినాక గూడా నా పేజీ ఉంటాది కదా మేడం?"

"ఏ పేజీ అవ్వా?"

"రెండువందల మూడు. మొగుడు పోయిన ఆడది ఇంటి ముందర ముగ్గేస్తే ఎవురూ అడ్డం చెప్పకూడదని ఉండాది కదా. దాంతోనే నేను పదేండ్లుగా ఏస్తాండా."

అరుణజ్యోతి బీరువాలోని జిల్లా గణాంకాల వైపు ఒకసారి చూసి, ఉంటుంది అవ్వా అంది.

తర్వాత మహేశ్వరి వచ్చి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాది రెండువందల పదకొండు మేడం. ఆకలైతే ఆడది ముందు తినొచ్చు, మొగుడి కోసరం కాచుకోని కూర్చునే పని లేదని. మా ఆయనకు పేజీ నంబరు చెప్తే నోరెత్తడు."

నెలాఖరు రోజు వచ్చింది. బల్లకు అటు మల్లికార్జునయ్య, ఇటు అరుణజ్యోతి, మధ్యలో రిజిస్టరు. ఆమె తన నోటుబుక్కు తీసి పక్కన పెట్టింది.

"సార్, నేను ముప్పై ఏడు పేజీలు తీసి చూసినా. అన్నీ సరిగ్గానే ఉండాయి."

"తెలుసమ్మా. చూసిన పుస్తకాలు తలకిందులుగా పెడతాండావు."

"మరి రెండువందల మూడు, పదకొండు, పద్నాలుగు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆఫీసుకు పట్టుకపోయే మాటకు ఉండే పేజీనే చెప్పినా. ఇంట్లో, ఊర్లో బతికేదానికి కావలసిన మాటలు కొన్ని సర్కారోళ్ళు రాయడం మర్చిపోయినారు. నేను చెప్తే మల్లికార్జునయ్య చెప్పినాడంటారు. అచ్చులో ఉండాదంటే తల ఊపుతారు."

"తప్పు కదా సార్?"

"తప్పే." ఒప్పుకోవడానికి ఆయన ఆలోచించలేదు. "కానీ ఉండే పుస్తకంలో ఒక్క అక్షరం మార్చలేదమ్మా. అది అయిపోయిన తర్వాతే మొదలుపెట్టినా."

అరుణజ్యోతి రిజిస్టరు తన దగ్గరికి లాక్కుంది. జిల్లా గణాంకాలు, పేజీలు నూటతొంభై ఆరు, స్థితి బాగుంది అని రాసింది. సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టబోయి ఆగి, వాకిట్లో ఎవరూ లేరని చూసుకుంది.

"సార్, మీరు యాడిదాకా వచ్చినారు?"

"రెండువందల పద్నాలుగు," అన్నాడు మల్లికార్జునయ్య. "నువ్వు పదిహేను నుంచి మొదలుపెట్టు. ఒకే పేజీ ఇద్దరికి చెప్పొద్దు. ఈ ఊరోళ్ళు కూర్చోని సరిచూసుకుంటారు."